జపాన్ కౌజు పిల్లలు ఈకలు ఉబ్బించుకొని నోరు తెరుస్తున్నాయి: ఏ జబ్బని గుర్తించాలి, ఏ వైద్యం చేయాలి?

పెన్నాగట్టు | అనంతపురం

సభ్యులందరికీ నమస్కారం. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి అడగడంతో పెరటి వరండాలో ముప్పై దాకా జపాన్ కౌజు పిల్లలను తెచ్చి పెంచుతున్నాము. వాటికి ఇప్పుడు రెండు వారాల వయసు దాటింది. మొదటి వారమంతా పెట్టె ఈ మూల నుండి ఆ మూలకు పరుగులు తీసిన పిల్లల్లో కొన్ని ఈ మధ్య ఒక పక్కకు చేరి, ఈకలు ఉబ్బించుకొని, కళ్ళు సగం మూసుకొని నిలబడుతున్నాయి. మేత వేసినప్పుడు వస్తాయి గాని ఒకటి రెండు సార్లు పొడిచి వెనక్కి పోతాయి. రెట్ట కొన్నింటికి పలుచగా, తెల్లగా పడుతోంది. రక్తం మాత్రం కనిపించలేదు. నిన్నటి నుండి రెండు పిల్లలు మెడ పైకి చాచి, నోరు తెరిచి గాలి పీలుస్తున్నాయి. ఇప్పటికే కొన్ని చనిపోయాయి.

మందుల దుకాణంలో లక్షణాలు చెబితే యాంటీబయాటిక్ సీసా ఒకటి ఇచ్చి, తాగే నీటిలో కలపమన్నారు. దాని మూత ఇంకా తీయలేదు. ఏ జబ్బో తెలియకుండా మందు వేయడం నాకు ఇష్టం లేదు. పెంచిన అనుభవం ఉన్నవారు ఏమి చూడాలో, ఏ క్రమంలో చూడాలో చెప్పగలరని మనవి.

మిద్దెమీద కౌజులు | కర్నూలు

అన్నగారూ, రెండో వారం దాటిన పిల్లలు ఈకలు ఉబ్బించుకొని మూలకు చేరితే నేను మొదట అనుమానించేది కాక్సిడియోసిస్‌నే. అది పేగుల గోడలో పెరిగే సూక్ష్మపరాన్నజీవి వల్ల వస్తుంది. రక్తం పడకపోయినా ఆ జబ్బు లేదని చెప్పలేము, ఎందుకంటే కౌజుల్లో చాలాసార్లు రెట్ట నీళ్ళగా, జిగటగా మాత్రమే పడుతుంది. దానికి వాడేది ఆంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున ఐదు రోజులు ఇచ్చి, ఆ తరువాత లీటరుకు 0.3 గ్రాములకు తగ్గించి ఒకటి రెండు వారాలు కొనసాగిస్తారు. ఆ రోజుల్లో మందు కలిపిన నీరు తప్ప వేరే నీరు పెట్టెలో ఉండకూడదు. బలానికని బి విటమిన్ల టానిక్ కూడా కలపకండి. ఆంప్రోలియం ఆ పరాన్నజీవికి బి1 విటమిన్ అందకుండా చేసే పని చేస్తుంది కాబట్టి, మనమే ఆ విటమిన్ పోస్తే మందు పని సగానికి సగం పోతుంది.

అయితే నోరు తెరవడం ఈ జబ్బు లక్షణం కాదు. ఆ ఒక్క విషయమే నాకు సరిపడడం లేదు.

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

పెన్నాగట్టు గారూ, సీసా తెరవకపోవడం మంచిదైంది. దాన్ని అలాగే పక్కన ఉంచండి. కౌజు పిల్ల జబ్బు పడినప్పుడు చూపించే లక్షణాలు చాలా కొద్ది. చలి వేసినా, ఆకలి తీరకపోయినా, పేగులు చెడినా, ఊపిరితిత్తులు చెడినా అది చేసేది ఒక్కటే: ఈకలు ఉబ్బించుకొని కదలకుండా నిలబడుతుంది. అందుకని పిల్లను చూసి జబ్బు పేరు చెప్పేకంటే, ముందు అది ఉన్న పెట్టెను చూడాలి. ఈ కింది వివరాలు రాయండి.

మొదటిది వేడి. గుడ్డు నుండి బయటికి వచ్చిన మొదటి వారంలో పిల్లల ఎత్తున 35 నుండి 37 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఆపై వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ నాలుగో వారానికి 25 డిగ్రీల దగ్గరకు రావచ్చు. మీ పెట్టెలో బల్బు ఎన్ని వాట్లది, ఎంత ఎత్తున వేలాడుతోంది, రాత్రి కరెంటు పోతే ఏమి చేస్తున్నారు? బొగ్గుల కుంపటి పెడుతున్నట్లయితే వెంటనే చెప్పండి, మూసిన గదిలో దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు పెద్ద కోళ్ళకంటే ముందు ఈ పిల్లలే పోతాయి.

రెండవది కింద పరిచినది. ఏమి పరిచారు, ఎక్కడి నుండి తెచ్చారు, చేత్తో పట్టుకుంటే పొడిగా ఉందా చెమ్మగా ఉందా, ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే ఏ వాసన వస్తోంది? వాసన చూసేటప్పుడు గట్టిగా పీల్చకండి.

మూడవది మేత. కౌజు పిల్లకు మొదటి మూడు వారాలు 24 నుండి 27 శాతం మాంసకృత్తులున్న దాణా కావాలి. బ్రాయిలర్ కోడిపిల్లలకు పెట్టే స్టార్టర్ దాణాలో సాధారణంగా 22, 23 శాతమే ఉంటాయి. ఇంట్లో గింజలు కలిపితే అది ఇంకా పడిపోతుంది.

నాలుగవది పొరుగు పక్షులు. అదే పెరట్లో నాటు కోళ్ళు, పావురాలు ఉన్నాయా? ఐదవది, చనిపోయిన పిల్లను ఏమి చేశారు? పారవేసి ఉంటే పరవాలేదు. ఇకపై చనిపోయినదాన్ని పాలిథిన్ సంచిలో కట్టి, మంచుముక్కల మధ్య ఉంచండి. ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకండి, గడ్డ కట్టి కరిగిన కండరాన్ని, పేగును కోసి చూసినా ఏమీ తేలదు.

పెన్నాగట్టు | అనంతపురం

డాక్టరు గారికి ధన్యవాదాలు. అడిగిన క్రమంలోనే రాస్తున్నాను.

అట్టపెట్టెలో 60 వాట్ల బల్బు ఒకటి వేలాడుతోంది. థర్మామీటరు పిల్లల ఎత్తున పెట్టి చూస్తే పగలు 33, రాత్రి 29 చూపిస్తోంది. కుంపటి వాడలేదు. కింద బుడ్డల పొట్టు, అంటే వేరుశనగ కాయల పొట్టు పరిచాము. అది మా బంధువులకు తెలిసిన మిల్లు నుండి వచ్చింది. చిత్త కార్తె వానలప్పుడు మిల్లు ఆవరణలో ఆరుబయట ఉన్న కుప్ప నుండి బస్తాకు నింపి ఇచ్చారు. పైపైన ఎండినట్లే ఉంది. మీరు రాసిన తరువాత బస్తా అడుగున చేయి పెట్టి తీస్తే, చెప్పలు ఒకదానికొకటి అతుక్కొని, చెప్ప లోపలివైపు బూడిద కలిసిన పచ్చని పొడి వేలికి అంటింది. వాసన పాత గోనెసంచి వాసనలా ఉంది.

మేత బ్రాయిలర్ స్టార్టరే. దానిలో మూడో వంతు కొర్ర నూక కలుపుతున్నాము. నీటి పళ్ళెంలో గులకరాళ్ళు వేశాము కాబట్టి మునిగినవి లేవు. పెరట్లో పక్కింటి నాటు కోళ్ళు తిరుగుతాయి గాని పెట్టెలోకి రాలేవు.

పాలకొండ నీడ | కడప

వేడి గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతంలో జబ్బు అనుకున్న వాటిలో చాలా మటుకు వేడి తేడా వల్ల వచ్చినవే. థర్మామీటరు కంటే పిల్లలు నిలబడిన తీరు ముందు చెబుతుంది. బల్బు కింద ఒకదానిపై ఒకటి ఎక్కి కిచకిచలాడుతుంటే చలి. బల్బుకు దూరంగా గోడలకు అంటుకొని, రెక్కలు దించి, నోరు తెరిచి ఉంటే వేడి. అంతటా చెదిరి తింటూ, కొన్ని పక్కకు వాలి కాళ్ళు చాచి పడుకుంటే సరిగ్గా ఉన్నట్లు. కొత్తవారు ఆ పడుకున్న తీరు చూసి చనిపోయిందని బెదిరిపోతారు. వేలితో తాకితే లేచి పరిగెడుతుంది.

చైత్ర, వైశాఖాల్లో కడపలో మిట్టమధ్యాహ్నం గదిలోనే 40 దాటుతుంది. అప్పుడు పుస్తకంలో రాశారని బల్బు వెలిగించి ఉంచితే పిల్లలు ఉడికిపోతాయి. ఆ నెలల్లో నేను పగలు బల్బు ఆర్పి, తెల్లవారుజామున మాత్రమే వెలిగిస్తాను. పెన్నాగట్టు గారి పెట్టెలో వేడి మరీ తేడాగా లేదు. నోరు తెరిచిన పిల్లలు బల్బుకు దూరంగా పోతున్నాయా, బల్బు కిందనే నిలబడి నోరు తెరుస్తున్నాయా? బల్బు కిందనే నిలబడితే అది వేడి వల్ల కాదు.

పెన్నాగట్టు | అనంతపురం

పాలకొండ నీడ గారూ, బల్బు కిందనే నిలబడి తెరుస్తున్నాయి.

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

అయితే ఇక చెవి పెట్టి వినవలసిన సమయం. రాత్రి ఇల్లు సద్దుమణిగిన తరువాత నోరు తెరుస్తున్న పిల్లను అరచేతిలోకి తీసుకొని చెవి దగ్గర పెట్టుకోండి. గరగరమనే శబ్దం, చీదడం, ముక్కు రంధ్రాల దగ్గర తడి, కంటి మూలల్లో నురుగు ఉంటే ఒక దారి. అప్పుడు మైకోప్లాస్మా, కౌజు బ్రాంకైటిస్, రాణిఖేత్ వంటివి ఆలోచించాలి. ఏ శబ్దమూ లేకుండా, తడి లేకుండా, మెడ చాచి గాలికోసం మాత్రమే నోరు తెరుస్తుంటే మరో దారి. అది శిలీంధ్రం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు. దానిని బ్రూడర్ న్యుమోనియా అంటారు. ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ అనే బూజు దానికి ప్రధాన కారణం. మీ వేలికి అంటిన పచ్చని పొడి గురించి చదివినప్పుడే నా అనుమానం అటు పోయింది.

రెట్ట గురించి కూడా ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న కౌజు రెట్ట గట్టిగా, గోధుమరంగులో ఉండి కొనపై తెల్లని టోపీ ఉంటుంది. రోజులో కొన్నిసార్లు చాక్లెట్ రంగులో మెత్తగా, నురుగుగా, దుర్వాసనతో పడుతుంది. అది అంధనాళం అనే పేగు సంచి నుండి వచ్చేది, జబ్బు కాదు. మేత తగ్గిన పిల్లకు తెల్లని భాగమే ఎక్కువగా పడుతుంది కాబట్టి తెల్లగా పడిన ప్రతి రెట్టనూ పుల్లోరం అనుకోనక్కరలేదు. పుల్లోరం గుడ్డు నుండే పిల్లకు వచ్చే సాల్మొనెల్లా జబ్బు. అందులో తెల్లని సుద్ద వంటి రెట్ట మలద్వారానికి అంటుకొని గట్టిపడుతుంది, చావులు ఎక్కువగా మొదటి రెండు మూడు వారాల్లో ఉంటాయి. మీ పిల్లల వెనుక భాగం శుభ్రంగా ఉందా? అంటుకొని ఉంటే గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో నానబెట్టి తీయండి, పొడిగా లాగకండి. చర్మం ఊడి వస్తుంది.

ఇక ఈ పూటే చేయవలసిన పని: పొట్టు మొత్తం తీసివేయండి. తీసేటప్పుడు పిల్లలను వేరే చోటికి మార్చి, మీరు ముక్కుకు, నోటికి మాస్కు కట్టుకొని, పొట్టుపై కొద్దిగా నీరు చిలకరించి, దుమ్ము లేవకుండా సంచిలోకి ఎత్తండి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు దగ్గరికి రాకూడదు. తాత్కాలికంగా మందపాటి గరుకు గుడ్డ పరచండి. నున్నని వార్తాపత్రిక వద్దు, దానిపై జారి చిన్న పిల్లల కాళ్ళు పక్కలకు విచ్చుకుపోతాయి. చనిపోయిన పిల్లను జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు తీసుకుపోండి. మీకు దారి ఎటు అనుకూలమో చూసుకోండి గాని, మా ఊళ్ళో 2008లో మొదలైన పశువైద్య కళాశాల కూడా ఉంది.

తుంగభద్ర ఒడ్డు | కర్నూలు

పెద్దలు ప్రయోగశాల అంటున్నారు గాని ఊళ్ళలో పెంచేవారికి అది అందుబాటులో ఉండదు. మా పెద్దవాళ్ళు కోడిపిల్లలకు పసుపు, వెల్లుల్లి నూరి మేతలో కలిపేవారు. సాయంత్రం గూటి దగ్గర వేపాకు పొగ పెట్టేవారు. రొప్పు తగ్గడానికి వేపాకుతో పాటు సాంబ్రాణి పొగ కూడా పెట్టి చూడమని నా సలహా. మందుల కంటే ఇవి హాని చేయవు.

మిద్దెమీద కౌజులు | కర్నూలు

తుంగభద్ర ఒడ్డు అన్నా, పసుపు, వెల్లుల్లి కొద్దిగా కలిపితే అభ్యంతరం లేదు, తింటే తింటాయి. పొగ మాత్రం ఒప్పుకోను. పక్షికి ఊపిరితిత్తులతో పాటు పొట్ట దాకా వ్యాపించిన గాలిసంచులు ఉంటాయి. గాలి లోపలికి పోయేటప్పుడూ బయటకు వచ్చేటప్పుడూ ఊపిరితిత్తుల గుండానే సాగుతుంది కాబట్టి, మనకు కళ్ళు మండే పొగ వాటికి ప్రాణాంతకం. దోమల చక్రాలు కూడా ఆ గదిలో వెలిగించకూడదు, తెర కట్టాలి. ఇప్పటికే గాలి అందక నోరు తెరుస్తున్న పిల్ల దగ్గర పొగ పెడితే ఆ రాత్రి గడవదు.

ప్రయోగశాల దూరమన్న మాట నిజమే. కానీ పశువుల ఆసుపత్రి ప్రతి మండలంలోనూ ఉంది, 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం గురించి చెబుతారు. అక్కడివారు కౌజులను రోజూ చూడకపోవచ్చు గాని, కోడిని కోసి చూడడం వచ్చినవారికి కౌజును చూడడం కష్టం కాదు.

పెన్నాగట్టు | అనంతపురం

డాక్టరు గారు చెప్పినట్లు పొట్టంతా తీసి, పెట్టెనే మార్చివేశాము. రాత్రి చెవి దగ్గర పెట్టుకొని విన్నాను. గరగర ఏమీ లేదు, నోరు తెరిచినప్పుడల్లా తోక మాత్రం కిందికీ పైకీ ఊగుతోంది. తెల్లవారేసరికి అది చనిపోయింది. మంచుముక్కల్లో పెట్టి ప్రయోగశాలకు తీసుకుపోయాము.

అక్కడి డాక్టరమ్మ కోసి చూపించారు. కౌజు పిల్ల ఊపిరితిత్తి నా చిటికెనవేలి గోరంత కూడా లేదు. గులాబీ రంగులో ఉండవలసిన దానిపై సగ్గుబియ్యపు గింజల్లా పసుపు కలిసిన తెల్లని బొడిపెలు గుచ్చినట్లు ఉన్నాయి. గాలిసంచి పొర పారదర్శకంగా ఉండాలట. అది మసకబారి, ఒకచోట పచ్చని మరక పడి ఉంది. పేగులను పొడవునా చీల్చి చూపించారు, పుండ్లు లేవు, రక్తం లేదు. పేగు గోడ నుండి గీకి సూక్ష్మదర్శిని కింద చూసి కాక్సిడియా గుడ్లు కూడా లేవన్నారు. బొడిపె ఒకదాన్ని గాజుపలకపై నలిపి చూస్తే కొమ్మల్లా విడిపోయిన శిలీంధ్రపు పోగులు కనిపించాయట. బ్రూడర్ న్యుమోనియా అనే రాసిచ్చారు.

ఇప్పుడు మిగిలినవాటికి ఏ మందు వేయాలి?

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

దీనికి నీటిలో కలిపి నయం చేసే మందు లేదు. మీ దగ్గరున్న యాంటీబయాటిక్ బాక్టీరియాపై పనిచేస్తుంది గాని బూజుపై పనిచేయదు. పైగా దీర్ఘకాలం యాంటీబయాటిక్ తాగించిన పక్షుల్లో శిలీంధ్రాలు మరింత పెరుగుతాయి. ఖరీదైన పెంపుడు చిలుకలకు, వేటడేగలకు ఇట్రాకొనజోల్ వంటి మందును తూకం చూసి నెలల తరబడి నోట్లో పోస్తారు. రెండు వారాల కౌజు పిల్ల తూకమే యాభై గ్రాముల అటూ ఇటూ. మోతాదు ఒక చుక్క ఎక్కువైతే కాలేయం చెడుతుంది. ఇంటివాళ్ళు స్వయంగా చేయవలసిన పని కాదు అది. పిల్లలు ఏదో ఒక పిట్టపై మనసు పెట్టుకొని ఉంటే, దానినొక్కదానినీ పశువైద్యుని దగ్గరికి తీసుకుపోయి ఆయన చేతిమీదుగానే ఇప్పించండి.

మిగిలినవాటి విషయంలో చేయగలిగినది ఉంది. ఈ జబ్బు ఒక పిల్ల నుండి మరో పిల్లకు అంటదు. అన్నీ ఒకే పొట్టు నుండి బూజు రేణువులను పీల్చడం వల్ల ఒకేసారి పడతాయి. కాబట్టి పొట్టు తీసిన రోజు నుండి కొత్తగా పీల్చేది ఆగిపోతుంది. ఇప్పటికే లోపలికి ఎక్కువగా పోయినవి మరో వారం పది రోజుల్లో తేలుతాయి. బూజు మెదడుకు చేరితే మెడ వంకర తిరుగుతుంది, కంటికి చేరితే కనుగుడ్డుపై తెల్లని పొర కమ్ముతుంది. అలాంటి వాటిని వేరుచేసి, బాధ తీవ్రమైతే ప్రాణం నొప్పి లేకుండా తీయించడమే దయ. తక్కువ పీల్చినవి, ఒళ్ళు బలంగా ఉంటే, నిలదొక్కుకుంటాయి.

ఆ బలం కోసం మేత మార్చండి. కొర్ర నూక పూర్తిగా ఆపండి. అందులో మాంసకృత్తులు పన్నెండు శాతం దాటవు. స్టార్టర్‌ను మిక్సీలో కొద్దిగా నలిపి, దానిలో ఉడికించిన గుడ్డు చిదిమి రోజుకు కొంత కలపండి. కలిపింది రెండు గంటల్లో తీసివేయాలి, పులిస్తే ఇంకో జబ్బు. ఎండుచేపల పొడి కలపాలని ఎవరైనా చెబితే ఉప్పు వేయని చేప అయితేనే కలపండి. ఉప్పు చేప తిన్న పిల్లలు నీరు విపరీతంగా తాగి, నీళ్ళ రెట్ట వేసి, పొట్ట ఉబ్బి చనిపోవడం నేను చూశాను. నీటిలో విటమిన్ ఏ ఉన్న మందును చీటీపై ఉన్న మోతాదులో కలపవచ్చు.

పాలకొండ నీడ | కడప

వేరుశనగ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పొట్టు ఒక్కటే కాదు, బుడ్డల చెక్క కూడా జాగ్రత్తగా చూడాలి. మాంసకృత్తులు ఎక్కువని చాలామంది మేతలో చెక్క కలుపుతారు. తడిసి బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ పిల్లలు చనిపోయినప్పుడు, బ్రెజిల్ నుండి వచ్చిన వేరుశనగ చెక్కలో వెతికితేనే ఆ విషం బయటపడింది. పైకి కనిపించే బూజును దులిపినా, ఎండబెట్టినా, వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. వేరుశనగే ఆధారమైన మన జిల్లాల్లో చెక్క చౌక. చౌకగా వచ్చిందని కౌజు పిల్లలకు పెట్టవద్దు, సోయా చెక్కతో చేసిన దాణా కొనండి.

ఎర్రమట్టి పెరడు | మైదుకూరు

ఈ చర్చ చదివి నా సందేహం కూడా ఇక్కడే అడుగుతున్నాను. నా దగ్గర మూడు వారాల పిల్లలు ఉన్నాయి. వాటికి రొప్పు లేదు, రెట్ట బాగుంది. రెండింటికి కాలివేళ్ళు లోపలికి ముడుచుకొని, మడమలపై పాకుతున్నాయి. ఒకటి తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తున్నట్లు కూర్చుంటుంది. జొన్న రవ్వ, కొర్రలు, అప్పుడప్పుడు చీమలగుడ్లు పెడుతున్నాము. ఇది కూడా బూజు జబ్బేనా?

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

మీది మేత లోపం అనిపిస్తోంది. వేళ్ళు లోపలికి ముడుచుకోవడం బి2 విటమిన్, అంటే రైబోఫ్లేవిన్ లోపానికి పెద్ద గుర్తు. తల వెనక్కి వాలడం బి1 లోపంలో వస్తుంది. అయితే రాణిఖేత్‌లోనూ, తలకు దెబ్బ తగిలినప్పుడూ అలాగే వాలుతుంది. కౌజులు బెదిరితే నిట్టనిలువుగా ఎగిరి పైకప్పుకు తల కొట్టుకుంటాయి. గూటి ఎత్తు అడుగు లోపు ఉంటే ఎగరడానికి వేగం రాదు; ఆరడుగులు దాటితే కప్పు తగలదు; మధ్య ఎత్తులే ప్రమాదం. తలపై ఈకల కింద వాపు, నల్లబడిన మచ్చ ఉన్నాయేమో చూడండి.

దెబ్బ కాకపోతే జొన్న, కొర్ర ఆపి స్టార్టర్ దాణాకు మార్చి, బి కాంప్లెక్స్ చుక్కలను నీటిలో కలపండి. తొలిదశలో ఉన్నవి కొద్దిరోజుల్లోనే నిలబడతాయి. చాలాకాలంగా ముడుచుకుపోయిన వేళ్ళు పూర్తిగా విచ్చుకోవు. నడవలేని పిల్ల నోటికి అందేటట్లు నీరు, మేత దగ్గర పెట్టాలి. ఇలాంటివి చాలావరకు లోపం వల్ల కంటే దాహంతో చనిపోతాయి.

మిద్దెమీద కౌజులు | కర్నూలు

ఇక్కడే నేను ఇంకో జబ్బు పేరు చేర్చాలి, ఎందుకంటే అది వచ్చినప్పుడు ప్రయోగశాలకు పోయేంత వ్యవధి ఇవ్వదు. కౌజు జబ్బు అనే పేరుతోనే పిలిచే అల్సరేటివ్ ఎంటెరైటిస్. క్లాస్ట్రిడియం కొలినమ్ అనే బాక్టీరియా వల్ల వస్తుంది. నీళ్ళ వంటి తెల్లని రెట్ట, వీపు గూనిలా వంగడం, ఆపై ఒళ్ళు తగ్గకుండానే వరుసగా చావులు. కోసి చూస్తే పేగులో గుండ్రని పుండ్లు బొత్తాల్లా కనిపిస్తాయి. బాబ్‌వైట్ జాతి కౌజులకు ఇది వస్తే మంద మొత్తం పోతుంది, జపాన్ కౌజులు కొంత తట్టుకుంటాయి గాని మినహాయింపు కాదు. కాక్సిడియోసిస్ వచ్చి పేగు దెబ్బతిన్న మందలో ఇది వెంటనే చొరబడుతుంది. దీనికి మాత్రం యాంటీబయాటిక్ అవసరమే, ఏది ఎంత అనేది పశువైద్యుడు రాయాలి. ఆ బాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు) నేలలో ఏళ్ళ తరబడి ఉంటాయి. ఒకసారి వచ్చిన మట్టినేలపై మళ్ళీ పెంచకుండా తీగల గూటికి మారడం మేలు.

పక్కింటి నాటు కోళ్ళ సంగతి కూడా ఇందుకే ముఖ్యం. కోళ్ళ కాక్సిడియా కౌజుకు రాదు. దాని పరాన్నజీవి దానిదే. కానీ ఈ పుండ్ల జబ్బు, మైకోప్లాస్మా, ముక్కు కారే కొరైజా కోళ్ళ నుండి కౌజులకు వస్తాయి.

తుంగభద్ర ఒడ్డు | కర్నూలు

పొగ మాట ఉపసంహరించుకుంటున్నాను, గాలిసంచుల సంగతి నాకు తెలియదు. అయితే యాంటీబయాటిక్‌ల గురించి ఇంత భయం దేనికి? దుకాణాల్లో అడిగితే ఇస్తూనే ఉన్నారు కదా. రెండవది, ఒక్కసారిగా చాలా చనిపోతే బర్డ్ ఫ్లూ అనుకోవాలా?

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

మొదటిదానికి: అడిగితే ఇస్తున్నారన్నదే ఇబ్బంది. మనుషుల ఆసుపత్రుల్లో చివరి ఆయుధంగా వాడే కొలిస్టిన్‌ను కోళ్ళ మేతలో పోసిపోసి పనికిరాకుండా చేస్తున్నారనే, 2019లో కేంద్ర ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జీవాలకు దాన్ని నిషేధించింది. మీ ఇంట్లో పెట్టెలో ముప్పై పిట్టలే ఉండవచ్చు, మందుకు లొంగని బాక్టీరియా ఆ పెట్టెలోనే ఆగదు. పెన్నాగట్టు గారి విషయంలో ఆ సీసా ఖర్చు దండగే కాక, బూజుకు మేలు కూడా చేసి ఉండేది.

రెండవదానికి: కౌజులకు బర్డ్ ఫ్లూ త్వరగా సోకుతుంది. ఏ లక్షణమూ లేకుండా ఒకటి రెండు రోజుల్లో మందలో చాలా భాగం కూలితే, తలలు వాచి నీలంగా మారితే, పక్క ఇళ్ళలో కోళ్ళు కూడా పడిపోతుంటే, వాటిని కోయకండి, తాకకండి, ఎక్కడికీ తరలించకండి. పశుసంవర్ధక శాఖకు కబురు చేయండి. నమూనాలను వారే తీసి భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపుతారు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చినప్పుడు అలాగే నిర్ధారించారు. ఒకటి రెండు చొప్పున, వారం పది రోజులు సాగే చావులకు ఆ భయం పెట్టుకోనక్కరలేదు.

పెన్నాగట్టు | అనంతపురం

పొట్టు తీసిన తరువాత మరికొన్ని పోయాయి; ఆ పైన చావులు ఆగాయి. మిగిలినవి మేతకు ఎగబడుతున్నాయి, కొన్నింటి రొమ్ముపై ఎర్రని ఈకలు వస్తున్నాయి కాబట్టి మగవేవో తెలుస్తోంది. ఒకదానికి మెడ కొద్దిగా పక్కకు వాలింది గాని తింటోంది. దాన్ని మా చిన్నది వదలడం లేదు, చేతులు కడిగించడమే మాకు పెద్ద పని అయింది.

రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇదే వరండాలో కొత్త పిల్లలను మళ్ళీ పెట్టవచ్చా? వీటి గుడ్లు తినవచ్చా?

విశ్రాంత పశువైద్యుడు | ప్రొద్దుటూరు

పెట్టవచ్చు. అట్టపెట్టెను కాల్చివేయండి, దాన్ని కడిగి వాడలేము. నీటి పళ్ళేలను సబ్బుతో తోమి ఎండలో పెట్టండి. వరండా నేలను, గోడలను కడిగి, పలుచని మైలుతుత్తం నీరు పిచికారీ చేసి బాగా ఆరనివ్వండి; ఆ నీరు పిట్టలకు గాని, పళ్ళేలకు గాని తగలకూడదు. తరువాత పరిచేది వరి ఊక అయినా, రంపపు పొట్టు అయినా, ముందు రెండు రోజులు మిద్దెపై పలుచగా ఆరబోసి, పిడికిట బిగించి వదిలితే ముద్ద కట్టకుండా విడిపోవాలి. నీటి పళ్ళెం చుట్టూ తడిసినది ఏ రోజుకారోజు తీసివేయాలి. బూజు మొదలయ్యేది అక్కడే. వరండాకు గాలి ఆడాలి, కాని పిల్లలపై నేరుగా వీచకూడదు. ఈసారి దాణా కొనేటప్పుడు నెలకు సరిపడా మాత్రమే కొని, బస్తాను నేలపై కాక చెక్కపై పెట్టండి.

చిన్నపాప చేతులు కడిగించడం మానకండి. బూజు జబ్బు పిట్ట నుండి పాపకు అంటదు గాని, పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షుల రెట్టలోనూ సాల్మొనెల్లా ఉండవచ్చు.

జపాన్ కౌజు ఆరేడు వారాలకు గుడ్డుకు వస్తుంది. మీరు ఏ మందూ వాడలేదు కాబట్టి వీటి గుడ్లు బాగా ఉడికించి తినవచ్చు. ఆంప్రోలియం గాని యాంటీబయాటిక్ గాని వాడినవారు మాత్రం మందు చీటీపై రాసిన విరామపు రోజులు గడిచే దాకా గుడ్లు పారవేయాలి. మెడ వాలిన పిల్ల పెట్ట అయితే గుడ్డు పెట్టవచ్చు. కాని దాన్ని పుంజులతో కలపకుండా వేరే గూట్లో ఉంచండి, తల పక్కకు వాలినదాన్ని మిగతావి పొడిచి గాయం చేస్తాయి.